అమెరికా వచ్చే అమ్మానాన్నలకు ఇండియా పాలసీయా, అమెరికా పాలసీయా?

యూరప్‌లో షెంజెన్ దేశాలు చూసి రావాలంటే, కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ఇన్సూరెన్స్ కాగితం లేనిదే వీసా ఇవ్వరు. ఆసుపత్రి బిల్లులు ఎక్కడా లేనంతగా వచ్చే అమెరికా మాత్రం, సందర్శకులకిచ్చే బీ-2 వీసా మీద వచ్చేవాళ్లను ఇన్సూరెన్స్ ఉందా అని అడగదు. అడగదు కాబట్టే ఈ పని చివరి వారానికి వాయిదా పడుతుంది. టికెట్లు అయ్యాయి, ఊరగాయలు ప్యాక్ అయ్యాయి, సూట్‌కేసు 23 కిలోలు దాటిందని మళ్లీ విప్పారు. అప్పుడు ఎవరో ఒకరు "మరి ఇన్సూరెన్స్?" అంటారు. ఆ హడావుడిలో అన్నిటికన్నా తక్కువ ప్రీమియం కనిపించినదాన్ని కొనేసి టెన్షన్ తీరిందనుకుంటారు. అసలు తీసుకోనివాళ్ల కన్నా ఇలా తీసుకున్నవాళ్ల బాధ వింతగా ఉంటుంది: డబ్బు కట్టారు, పాలసీ నంబరు ఉంది, బిల్లు మాత్రం వీళ్ల మీదే పడింది.

పోనీ ఇన్సూరెన్స్ లేకుండా నెట్టుకొచ్చే దారి ఏదైనా ఉందా అంటే, లేదనే చెప్పాలి. 65 ఏళ్లు దాటిన అమెరికన్లకు ఉండే మెడికేర్ సందర్శకులకు వర్తించదు. కొడుకో కూతురో పనిచేసే కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో జీవిత భాగస్వామిని, పిల్లలను చేర్చుకోవచ్చు గానీ, ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన తల్లిదండ్రులను మామూలుగా చేర్చుకోనివ్వరు. ఆరోగ్యశ్రీ అక్కడికి రాదు. ఇండియాలో ఏళ్ల తరబడి కడుతున్న హెల్త్ పాలసీ కూడా చాలావరకు దేశం దాటితే పనిచేయదు.

"ఎమర్జెన్సీ అయితే చూడక తప్పదటగా" అనే మాట ఒకటి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూ ఉంటుంది. అందులో సగమే నిజం. ఎమర్జెన్సీ రూమ్‌కు వచ్చిన మనిషిని, డబ్బు కట్టగలడా లేదా అని చూడకుండా పరీక్షించి, పరిస్థితి నిలకడగా అయ్యేదాకా వైద్యం చేయాలని 1986లో చట్టం వచ్చింది. అయితే ఆ వైద్యం ఉచితమని ఆ చట్టం ఎక్కడా అనలేదు. బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది. ఒకటి కూడా కాదు: ఆసుపత్రిది ఒకటి, చూసిన డాక్టర్‌ది ఇంకొకటి, స్కాన్ చదివిన రేడియాలజిస్టుది మరొకటి, అంబులెన్స్‌ది వేరే.

దొరికేవి ఏమిటి

స్థూలంగా మూడు రకాలు. మొదటిది, ఇండియా కంపెనీలు రూపాయల్లో అమ్మే ట్రావెల్ పాలసీ. టాటా ఏఐజీ, ఐసీఐసీఐ లాంబార్డ్, హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో, న్యూ ఇండియా అష్యూరెన్స్ లాంటివన్నీ అమ్ముతాయి. మామూలుగా విమానం ఎక్కకముందే తీసుకోవాలి. చాలావాటికి ఒక ప్రయాణానికి 180 రోజులు హద్దు.

రెండోది, అమెరికాలో సందర్శకుల కోసం అమ్మే "ఫిక్స్‌డ్" రకం. విజిటర్స్ కేర్ ఈ కోవలోదే. డాక్టర్ దగ్గరికి వెళితే ఇంత, ఆసుపత్రిలో రోజుకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని ముందే పట్టిక రాసి ఉంటుంది. బిల్లు ఎంతయినా సరే, పట్టికలో ఉన్నంతే ఇస్తారు.

మూడోది, అక్కడే దొరికే "కాంప్రహెన్సివ్" రకం. ప్యాట్రియాట్ అమెరికా ప్లస్, అట్లాస్ అమెరికా లాంటివి. వీటిలో ముందు మనం డిడక్టిబుల్ కట్టాలి. అంటే 100, 250, 500 డాలర్లు, ఏది ఎంచుకుంటే అది. ఆ పైన, పాలసీ మొత్తం పరిమితి దాకా, అర్హమైన ఖర్చును కంపెనీ భరిస్తుంది. నెట్‌వర్క్ ఆసుపత్రి (ఆ కంపెనీతో ఒప్పందం ఉన్నది) అయితే బిల్లు నేరుగా కంపెనీకి వెళ్లే వీలు ఎక్కువ. నెట్‌వర్క్ బయటికి వెళితే కొన్ని పాలసీలు మొదటి 5,000 డాలర్లలో 80 శాతమే ఇస్తాయి. పిల్లలు అక్కడే కూర్చుని తమ కార్డుతో కొనొచ్చు. అమ్మానాన్న దిగిన తర్వాత కూడా కొనొచ్చు. కానీ కొన్న తేదీకి ముందు మొదలైన జబ్బు అందులోకి రాదు కాబట్టి, బయలుదేరే రోజు నుంచే ఉండేలా తీసుకోవడం మంచిది.

క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే ఇన్సూరెన్స్‌ను నేను ఈ లెక్కలో వేయలేదు. అది ఎక్కువగా కార్డుదారుడికి విమాన ప్రమాదం జరిగితే ఇచ్చేది. కొడుకు కార్డుతో నాన్న టికెట్ కొన్నంత మాత్రాన నాన్నకు వైద్య ఖర్చుల కవరేజీ వచ్చేయదు.

పాత జబ్బు సంగతి ముందు తేల్చుకోండి

పాలసీలు పోల్చే పట్టికల్లో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె 50,000 డాలర్లా, లక్షా, ఐదు లక్షలా అన్నది. నన్నడిగితే అది మూడో సంగతి. మొదట చూడాల్సింది, నాన్నకో అమ్మకో ఇప్పటికే ఉన్న జబ్బు అక్కడికి వచ్చాక ఉన్నట్టుండి ముదిరితే పాలసీ ఏమంటుందన్నది. మన ఇళ్లలో అరవై దాటినవాళ్లలో బీపీ, షుగర్, థైరాయిడ్ ఈ మూడింటిలో ఏదీ లేనివాళ్లను వెతకాల్సిందే. ఇన్సూరెన్స్ భాషలో ఇవన్నీ పాత జబ్బులే. అంతే కాదు, షుగర్ ఉన్న మనిషికి గుండెపోటు వస్తే దాన్ని కూడా పాత జబ్బు ఫలితమని వాదించే అవకాశం కంపెనీకి ఉంటుంది.

ఇండియా పాలసీల్లో చాలావాటిలో పాత జబ్బుకు అసలు కవరేజీ ఉండదు, లేదా ప్రాణాపాయం వచ్చిన పరిస్థితిలో మాత్రమే, అదీ ఒక చిన్న పరిమితి దాకా ఉంటుంది. పైన లక్ష డాలర్ల పాలసీ అని రాసి, లోపల పాత జబ్బుకు అందులో చిన్న వాటా మాత్రమే అని రాసి ఉండొచ్చు. మీకు కావాల్సింది ఆ లోపలి అంకె.

అమెరికా కాంప్రహెన్సివ్ పాలసీల్లో దీనికి "అక్యూట్ ఆన్‌సెట్" అనే ఏర్పాటు ఉంటుంది. పాత జబ్బు ఏ సూచనా లేకుండా, హఠాత్తుగా, వెంటనే వైద్యం అవసరమయ్యేంతగా విరుచుకుపడితే ఖర్చు ఇస్తారు. మెల్లమెల్లగా ముదిరినదానికి ఇవ్వరు. మామూలు చెకప్‌లకు, రోజూ వేసుకునే మాత్రలకు అసలే ఇవ్వరు. ఇందులో మన వాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన షరతు ఒకటుంది: లక్షణం మొదలైన 24 గంటల్లోపు వైద్యం కోసం వెళ్లాలని చాలా పాలసీలు అంటాయి. ఛాతీలో పట్టేసినట్టుంటే "గ్యాస్ అయ్యుంటుంది, వాము నమిలితే తగ్గుతుంది, వాడు ఆఫీసు పనిలో ఉన్నాడు, ఇప్పుడెందుకు చెప్పడం" అనుకునే తరం మన అమ్మానాన్నలది. ఆ మొహమాటంతో రెండు రోజులు గడిపితే ప్రాణానికి ప్రమాదం, పైగా క్లెయిమ్ కూడా పోతుంది. ఈ ఒక్క ముక్క వాళ్లు దిగిన రోజే కూర్చోబెట్టి చెప్పండి.

ఈ అక్యూట్ ఆన్‌సెట్‌కూ వయసు హద్దు ఉంది. ఒక పాలసీలో 70 నిండేదాకా, ఇంకొకదాంట్లో 80 నిండేదాకా అని వేర్వేరుగా ఉంటుంది. నాన్నకు 69 నిండి ఉంటే, పాలసీ మధ్యలో 70 వస్తే ఏం చేస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

పాత జబ్బు దాచి పాలసీ తీసుకుంటే ఏమవుతుందని కొందరు చాటుగా అడుగుతారు. ఎమర్జెన్సీ రూమ్‌లో నర్సు మొదట అడిగే ప్రశ్నే "షుగర్ ఉందా, ఎన్నాళ్లుగా, ఏ మందులు వాడుతున్నారు?" అని. మనం నిజమే చెబుతాం, చెప్పాలి కూడా. అది రికార్డులోకి ఎక్కుతుంది. పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు కంపెనీ తెప్పించుకునేది ఆ రికార్డునే. ఇండియా పాలసీ ఫారమ్‌లో "ఏ జబ్బూ లేదు" అని ఏజెంట్ తనే టిక్ పెట్టేసి ఉంటే, సంతకం పెట్టేముందు దిద్దించండి.

లక్ష డాలర్ల పాలసీ ఎనిమిది వేలే ఇస్తే

రెండో సంగతి, పరిమితి మొత్తం మీద ఉందా, ఒక్కో పద్దు మీద ఉందా అన్నది. ఇది ఉదాహరణతో తప్ప అర్థం కాదు. కింది అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి.

అమ్మకు కడుపునొప్పి వచ్చింది, అపెండిక్స్ అన్నారు. పాత జబ్బు గొడవ లేదు. ఆపరేషన్, రెండు రాత్రులు ఆసుపత్రి. అన్నీ కలిపి బిల్లు 60,000 డాలర్లు అనుకుందాం. ఫిక్స్‌డ్ పాలసీ పట్టికలో ఎమర్జెన్సీ రూమ్‌కు 350, స్కాన్‌కు 500, గదికి రోజుకు 1,500 చొప్పున 3,000, సర్జన్‌కు 3,500, మత్తు డాక్టర్‌కు అందులో పావు వంతు 875 ఉన్నాయనుకుందాం. మొత్తం 8,225. పాలసీ పేరు లక్ష డాలర్లది. మీ మీద పడేది 51,775 డాలర్లు. అదే నెట్‌వర్క్ ఆసుపత్రిలో, 250 డిడక్టిబుల్ ఉన్న లక్ష డాలర్ల కాంప్రహెన్సివ్ పాలసీ అయితే, మామూలుగా మీరు కట్టేది ఆ 250 దగ్గర ఆగుతుంది. కొన్నిటిలో, జబ్బుతో ఎమర్జెన్సీకి వెళ్లి అడ్మిట్ కాకుండా తిరిగి వస్తే అదనంగా 200 డాలర్ల వంటి రుసుము ఉంటుంది. అది భరించదగ్గదే.

ఫిక్స్‌డ్ పాలసీ ప్రీమియం తక్కువ ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాన్ని నేను ఎవరికీ సిఫారసు చేయను. జ్వరానికీ దగ్గుకూ పనికొస్తుందంటారు. నిజమే, కానీ జ్వరానికీ దగ్గుకూ మనం చేతి డబ్బు పెట్టుకోగలం.

ఇండియా పాలసీ ఇందులో ఏ వైపు వస్తుందో పేరు చూసి చెప్పలేం. అరవై దాటినవాళ్లకు అమ్మే కొన్ని ప్లాన్లలో గదికి, ఐసీయూకి, సర్జన్‌కి విడివిడిగా "సబ్‌లిమిట్" పెడతారు. అంటే వేషం కాంప్రహెన్సివ్‌ది, లోపల ఫిక్స్‌డే. అదే కంపెనీ దగ్గర సబ్‌లిమిట్ లేని ప్లాను కాస్త ఎక్కువ ప్రీమియానికి ఉండొచ్చు. అడగనిదే చూపించరు. ఏజెంట్‌కు ఫోన్ చేసి "సబ్‌లిమిట్లు లేని ప్లాన్ ఉందా, పాత జబ్బుకు ఎన్ని డాలర్ల దాకా ఇస్తారు" అని రెండే ప్రశ్నలు వేయండి. జవాబు మాటల్లో కాకుండా పాలసీ కాగితంలో ఏ పేజీలో ఉందో చూపించమనండి.

ఎవరికి ఏది

70 లోపు వయసు, బీపీ, షుగర్ ఉన్నా మాత్రలతో అదుపులో ఉన్నాయి, మూడు నుంచి ఆరు నెలలు ఉంటారు అంటే నా మొగ్గు స్పష్టంగా అమెరికా కాంప్రహెన్సివ్ వైపే. లక్ష డాలర్లకు తగ్గకుండా, అక్యూట్ ఆన్‌సెట్ పరిమితి మొత్తం పాలసీ పరిమితితో సమానంగా ఉన్నది చూడండి. డిడక్టిబుల్ సున్నా పెట్టుకోకండి. 500 డాలర్ల డిడక్టిబుల్ పెట్టుకుని, ప్రీమియంలో మిగిలిన డబ్బుతో మొత్తం పరిమితిని పెంచుకోవడం తెలివైన పని. మనం భయపడాల్సింది 300 డాలర్ల బిల్లుకు కాదు.

కూతురి పురుడుకు వచ్చే అమ్మకు యాభై ఐదేళ్లే, ఏ మందులూ లేవు, ఉండేది రెండు నెలలు అనుకుంటే సబ్‌లిమిట్ లేని ఇండియా పాలసీ కూడా బాగానే సరిపోతుంది. రూపాయల్లో చవక. కాకపోతే అడ్మిట్ కాకుండా డాక్టర్‌కు చూపించుకుని వచ్చే చిన్న ఖర్చులకు ముందు మనం కట్టి తర్వాత తెప్పించుకోవాల్సి రావచ్చు.

డెబ్బై దాటితే లెక్క మారుతుంది, ఇక్కడ ఒకే జవాబు లేదు. అమెరికా పాలసీల్లో మొత్తం పరిమితి తగ్గిపోతుంది, అక్యూట్ ఆన్‌సెట్ కొన్నిటిలో మాయమవుతుంది. ఇండియా కంపెనీల్లో 70 దాటినవాళ్లకు విడిగా సీనియర్ ప్లాన్లు, 50,000 డాలర్ల దాకా ఉన్నవి దొరుకుతాయి. రెండు పక్కలా పాత జబ్బు అంకెను పక్కపక్కన పెట్టుకుని, ఏది పెద్దదైతే అది. ఎనభై దాటితే మాత్రం ఇండియా వైపే ముందు వెతకండి. అమెరికాలో పేరున్న పాలసీల్లో కొన్ని ఎనభై దాటినవాళ్లకు మొత్తం 10,000 డాలర్లే ఇస్తాయి. ఎమర్జెన్సీ రూమ్‌లో ఒక్క రోజుకే అది చాలకపోవచ్చు.

ఈ మధ్యే స్టెంట్ పడింది, కీమో నడుస్తోంది, డయాలసిస్ మీద ఉన్నారు అంటే ఏ పాలసీ తీసుకోవాలన్న ప్రశ్న తర్వాత. ముందుగానే తెలిసిన వైద్యానికి ఈ రెండు దేశాల ట్రావెల్ పాలసీలూ డబ్బివ్వవు. డాక్టర్ వద్దన్నా ప్రయాణం చేస్తే ఉన్న కవరేజీ కూడా పోతుంది. అలాంటప్పుడు పిల్లలే సెలవు పెట్టి ఇంటికి వెళ్లి రావడం మేలు. ఆ మాట చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు.

రోజుల విషయంలో చిన్న పొదుపు చేయబోయి పెద్దగా దెబ్బతినే చోటు ఒకటుంది. మూడు నెలలకు తీసుకుని, తర్వాత చూద్దాం అనుకుంటారు. మొదటి పాలసీ గడువు తీరి కొత్తది కొంటే, మధ్యలో వచ్చిన జబ్బు కొత్త పాలసీ దృష్టిలో పాత జబ్బు అయిపోతుంది. ఉన్నదాన్ని గడువులోపే పొడిగిస్తే ఆ సమస్య తగ్గుతుంది, కానీ తేదీ మర్చిపోతే అంతే. రిటర్న్ టికెట్ తేదీ దాకా ఒకేసారి తీసుకోండి. ముందే తిరిగి వెళ్లిపోతే, క్లెయిమ్ ఏదీ లేకపోతే, మిగిలిన రోజుల ప్రీమియం చిన్న రుసుము మినహాయించుకుని తిరిగిచ్చే పాలసీలు అమెరికాలో చాలానే ఉన్నాయి.

బ్యాగేజీ పోతే ఇంత, విమానం ఆలస్యమైతే ఇంత అని ఊరించే లైన్లను పట్టించుకోకండి. అంతర్జాతీయ ప్రయాణంలో బ్యాగు పోతే మాంట్రియల్ ఒప్పందం కింద ఎయిర్‌లైన్సే బాధ్యత వహించాలి. 2024 డిసెంబరు 28 నుంచి ఆ గరిష్ఠ పరిమితి ఒక్కో ప్రయాణికుడికి 1,519 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే విలువ. డాలర్లలో సుమారు రెండు వేలు అవుతుంది.

దీనికి బదులు ఎవరూ చదవని ఇంకో లైను చదవండి: చనిపోతే భౌతికకాయాన్ని ఇండియాకు చేర్చే ఖర్చు. ఇంట్లో ఎత్తడానికి ఇష్టపడని మాట, తెలుసు. ఏ ఏర్పాటూ లేని కుటుంబాల కోసం తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) టీమ్ స్క్వేర్ లాంటి వాలంటీర్లు రాత్రింబవళ్లు తిరుగుతున్నారు, విరాళాల పేజీలు పెడుతున్నారు. రెండు రకాల పాలసీల్లోనూ మామూలుగా ఈ కవరేజీ ఉంటుంది. ఎంత దాకా అన్నది చూసుకోండి.

కొన్నాక

అత్యవసరం కానిదానికి, అంటే జ్వరం, చెవిపోటు, బెణుకు లాంటివాటికి, అర్జెంట్ కేర్ అనే చిన్న క్లినిక్‌కు వెళ్లండి. ఎమర్జెన్సీ రూమ్ కన్నా ఎన్నో రెట్లు తక్కువ. ఛాతీనొప్పి, మాట తడబడటం, ఊపిరాడకపోవడం అయితే నెట్‌వర్క్ గొడవలు చూడకుండా 911కు ఫోన్ చేయండి. అడ్మిట్ చేస్తే 48 గంటల్లోపు పాలసీ కార్డు మీదున్న నంబరుకు ఫోన్ చేసి చెప్పండి. ముందస్తు అనుమతి లేదని చెల్లింపును సగానికి తగ్గించే పాలసీలు ఉన్నాయి.

బిల్లు మీ మీద పడినా వెంటనే కట్టేయకండి. పద్దులవారీ బిల్లు అడగండి. లాభాపేక్ష లేని ఆసుపత్రులు ఆర్థిక సహాయ విధానం ఒకటి రాతపూర్వకంగా పెట్టుకోవాలని అక్కడి పన్ను చట్టమే చెబుతోంది. దానికి దరఖాస్తు అడగడం తప్పేమీ కాదు.

క్లెయిమ్ కాదంటే ఇండియా పాలసీకి ఒక సౌకర్యం ఉంది. ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో ఉన్న, బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. అమెరికా పాలసీకి ఆ పోరాటం పిల్లలే ఈమెయిళ్లతో, ఫోన్లతో చేయాలి. ఇంగ్లిష్‌లో గంటసేపు హోల్డ్‌లో ఉండే ఓపిక ఉంటే అదీ జరుగుతుంది.

బయలుదేరేముందు ఫ్యామిలీ డాక్టర్ చేత ఒక చీటీ రాయించండి: ఉన్న జబ్బులు, ఎన్నాళ్లుగా, మందులు, మోతాదు. మందుల పేర్లు బ్రాండులో వద్దు. టెల్మా, గ్లైకోమెట్ అంటే అక్కడి డాక్టర్‌కు అర్థం కాదు. టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ అని ఉండాలి. మాత్రలకు అక్కడ పాలసీ పైసా ఇవ్వదు కాబట్టి, వాటిని చీటీతో పాటు చేతి బ్యాగులో పెట్టుకోమనండి.